ఓడ మెయిన్ ఇంజిన్ నడపడం, చూసుకోవడం: స్టాండ్‌బై నుంచి పిస్టన్ పైకి లాగేదాకా

విశాఖలోనో చెన్నైలోనో మెరైన్ ఇంజినీరింగ్ చదివి మొదటిసారి ఓడెక్కిన పాంచ్ సాబ్‌ల (జూనియర్ ఇంజినీర్ల) కోసం, అలాగే డీజిల్ పవర్ ప్లాంట్లలో షిఫ్టులు చేస్తున్న కుర్రాళ్ల కోసం ఇది రాస్తున్నాను. మాన్యువల్‌లో అన్నీ ఉంటాయి, కాదనను. కానీ అందులో ప్రతి విషయమూ ఒకే సైజు అక్షరాల్లో ఉంటుంది. దేన్ని చూసి పరిగెత్తాలి, దేన్ని లాగ్‌లో రాసి ఊరుకోవచ్చు అన్నది పక్కన నిలబడి ఎవరైనా చెబితే తప్ప తెలియదు. నేను మొదటినుంచి చివరిదాకా పట్టుకునేది ఒకటే: మీటర్‌లో ఎంత చూపిస్తోందని మాత్రమే చూస్తే సరిపోదు, నిన్నటికీ ఇవాళ్టికీ ఎంత కదిలిందో, పక్క సిలిండర్‌కీ దీనికీ తేడా ఎంతో చూడాలి. అలారం మోగేసరికి ఇంజిన్ ఆ మాట మీకు నాలుగు రోజులుగా చెబుతూనే ఉంటుంది.

ఉదాహరణకి ఒక ఇంజిన్ అనుకుందాం. గంగవరం, కృష్ణపట్నం లాంటి రేవులకి బొగ్గు తెచ్చే సుప్రామాక్స్ బల్క్ క్యారియర్లలో మ్యాన్ బీ అండ్ డబ్ల్యూ వాళ్ల 6ఎస్50ఎంసీ-సీ బాగా కనిపిస్తుంది. ఆరు సిలిండర్లు, 500 మిల్లీమీటర్ల బోర్, 2000 మిల్లీమీటర్ల స్ట్రోక్, 127 ఆర్‌పీఎం దగ్గర 9480 కిలోవాట్లు. టూ స్ట్రోక్, క్రాస్‌హెడ్ (పిస్టన్ రాడ్‌కీ కనెక్టింగ్ రాడ్‌కీ మధ్య జారే కీలు) ఉన్న ఇంజిన్, గేర్‌బాక్స్ లేకుండా నేరుగా ప్రొపెల్లర్‌ని తిప్పుతుంది, వెనక్కి నడపాలంటే ఇంజిన్‌నే వెనక్కి తిప్పాలి. ఫుల్ లోడ్ మీద రోజుకి 39 టన్నుల దాకా ఇంధనం తాగుతుంది. ఎమ్మా మేర్స్క్ లాంటి కంటెయినర్ ఓడలో 14 సిలిండర్లతో 80,080 కిలోవాట్లు ఇచ్చే ఇంజిన్ ఉంది కదా అంటారేమో, అది సైజులో పెద్దదే కానీ చూసుకునే పద్ధతి చాలావరకు ఇదే. కింద ఇచ్చిన అంకెలు ఈ తరహా ఇంజిన్లకి వర్తించేవి. మీ ఓడలో మాన్యువల్ వేరేగా చెబితే మాన్యువలే రైటు, నేను కాదు.

బయల్దేరే ముందు

జాకెట్ వాటర్‌తో, అంటే సిలిండర్ల చుట్టూ తిరిగే కూలింగ్ నీళ్లతో మొదలుపెట్టండి. చల్లటి ఇంజిన్‌ని స్టార్ట్ చేయకూడదు, నీళ్లు కనీసం 50 డిగ్రీలు ఉండాలి, 60 దాటితే ఇంకా మంచిది. రేవులో ఉన్నన్నాళ్లూ ప్రీహీటర్ నడుస్తూ ఉంటే ఈ గొడవే ఉండదు, పూర్తిగా చల్లారిన ఇంజిన్‌ని మళ్లీ వెచ్చబెట్టాలంటే పది గంటలు కూడా పట్టొచ్చు. కాబట్టి పైలట్ ఎప్పుడొస్తాడో సెకండ్ సాబ్‌ని (సెకండ్ ఇంజినీర్‌ని) అడిగి, అక్కడినుంచి వెనక్కి లెక్కేసుకోవాలి.

తర్వాత లూబ్ ఆయిల్ పంపు. ఆయిల్ 40 డిగ్రీల చుట్టుపక్కల ఉందా, ప్రెషర్ నిలబడిందా, ప్రతి యూనిట్ పిస్టన్ కూలింగ్ ఆయిల్ సైట్ గ్లాస్‌లో ప్రవాహం కనిపిస్తోందా? ఈ చివరిది కళ్లతోనే చూడండి. కంట్రోల్ రూమ్‌లో పచ్చ లైటు వెలిగిందని వదిలేయకండి.

ఇప్పుడు టర్నింగ్ గేర్, అంటే ఆగి ఉన్న ఇంజిన్‌ని మోటర్‌తో నెమ్మదిగా తిప్పే గేర్. దీనికి ముందు బ్రిడ్జ్‌కి (ఓడని నడిపే గదికి) ఫోన్ చేసి పర్మిషన్ తీసుకోవాలి, ఎందుకంటే ప్రొపెల్లర్ తిరుగుతుంది, వెనక మూరింగ్ తాళ్లు నీళ్లలో వేలాడుతూ ఉండొచ్చు, చిన్న పడవ ఆనుకుని ఉండొచ్చు. పర్మిషన్ వచ్చాక ఇండికేటర్ కాక్‌లన్నీ (ప్రతి సిలిండర్ పైన ఉండే చిన్న కుళాయిలు) తెరిచి, సిలిండర్ లూబ్రికేటర్ నడుపుతూ, ఇంజిన్‌ని రెండు మూడు చుట్లు తిప్పండి. తిరుగుతున్నంతసేపూ టర్నింగ్ గేర్ మోటర్ ఆంపియర్లు చూడాలి. ప్రతిసారీ దాదాపు ఒకే మోతాదులో ఊగుతాయి, ఒక చోట ఆగి ఎగిరితే లోపల ఏదో అడ్డుపడుతోందన్నమాట, అప్పుడు తిప్పడం ఆపి వెతకాలి. అయ్యాక గేర్ బయటికి లాగి లాక్ వేశారా లేదా అని కంట్రోల్ రూమ్ లైటులో కాకుండా దగ్గరికి వెళ్లి చూసి రండి. గేర్ ఎంగేజ్ అయి ఉంటే స్టార్టింగ్ ఎయిర్ వెళ్లకుండా ఇంటర్‌లాక్ ఉంటుంది నిజమే, కానీ ఇంటర్‌లాక్ స్విచ్ కూడా ఒక స్విచ్చే.

ఎయిర్ బాటిళ్లు 30 బార్‌కి నింపి, కింద డ్రెయిన్ తెరిచి నీళ్లూ ఆయిలూ పోయేదాకా వదలండి. ఇలా వెనక్కీ ముందుకీ తిరిగే ఇంజిన్‌కి మళ్లీ నింపకుండా వరసగా 12 స్టార్టులు ఇచ్చేంత గాలి ఉండాలన్నది రూల్. లోపలికి ఆయిల్ వెళ్లడం ఎంత ప్రమాదమో కిందకొచ్చాక చెబుతాను. కంట్రోల్ ఎయిర్ 7 బార్, ఫ్యూయల్ సర్క్యులేటింగ్ పంపులు, విస్కోమీటర్ రీడింగ్, ఆక్సిలరీ బ్లోయర్లు ఆటోలో, స్టీరింగ్ గేర్ టెస్ట్, టెలిగ్రాఫ్ టెస్ట్: ఇవి చెక్‌లిస్ట్‌లో ఉంటాయి, టిక్ పెట్టే ముందు చేయండి, అంతే.

బ్లో త్రూ మాత్రం కాస్త ఆగి చెప్పుకోవాల్సిన పని. ఇండికేటర్ కాక్‌లు తెరిచే ఉంచి, ఇంధనం ఇవ్వకుండా, ఒక్కసారి గాలి మీద ఇంజిన్‌ని తిప్పుతారు. ఆ క్షణంలో మీరు పై ప్లాట్‌ఫామ్ మీద, కాక్‌లకి ఎదురుగా కాకుండా పక్కన నిలబడి చూడాలి. ప్రతి కాక్‌లోంచీ బుస్సుమని గాలి వస్తుంది, కొంచెం బూడిదరంగు ఆవిరి లాంటిది ఉన్నా ఫర్వాలేదు. ఒక దాన్లోంచి నీటి తుంపర వచ్చి ఎదురుగా ఉన్న రెయిలింగ్ తడిసిందనుకోండి, అక్కడితో ఆగిపోవాలి. సిలిండర్ కవర్ పగిలిందో, లైనర్ (సిలిండర్ లోపలి గొట్టం) పగిలిందో, ఎగ్జాస్ట్ వాల్వ్ సీటు దగ్గర లీకో, ఎయిర్ కూలర్ ట్యూబ్ పోయి ఆ నీళ్లు స్కావెంజ్ (సిలిండర్లోకి గాలి వెళ్లే దారి) మీదుగా వచ్చాయో తేల్చుకోవాలి. నీళ్లు నొక్కితే కుదించుకుపోవు. పిస్టన్ మీద నీళ్లుండగా ఇంజిన్ ఫైర్ చేస్తే బలయ్యేది కవర్ స్టడ్లో, ఇంకా కిందనున్న ఇనుమో. ఆయిల్ తుంపర వస్తే పిస్టన్ క్రౌన్‌లో పగులు ఉందేమో అనుమానించాలి, డీజిల్ వాసనతో తడి ఉంటే ఫ్యూయల్ వాల్వ్ కారుతోంది. పైలట్ బ్రిడ్జ్ మీద ఎదురుచూస్తున్నాడు కదా అని టెన్షన్‌తో ఈ పనిని గబగబా ముగించే వాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

అంతా పొడిగా ఉంటే కాక్‌లు మూసేసి, అహెడ్‌లో (ముందుకి) ఒకసారి, ఎస్టర్న్‌లో (వెనక్కి) ఒకసారి ఇంధనం మీద తిప్పి చూసి, స్టాండ్‌బై ఇచ్చేయండి, అంటే ఇంజిన్ సిద్ధమని బ్రిడ్జ్‌కి చెప్పండి.

మ్యాన్యూవరింగ్, తర్వాత సీ స్పీడ్

ఇంజిన్ స్టార్ట్ కాకపోతే కంగారుపడే ముందు ఒక్కటే ప్రశ్న వేసుకోండి: గాలి మీద తిరిగిందా, అసలు కదలనేలేదా? కదలకపోతే లోపం గాలి వైపు, అంటే మెయిన్ స్టార్టింగ్ వాల్వ్, డిస్ట్రిబ్యూటర్, టర్నింగ్ గేర్ ఇంటర్‌లాక్, కంట్రోల్ ఎయిర్. తిరిగి కూడా ఫైర్ కాకపోతే లోపం ఇంధనం వైపు, అంటే పంక్చర్ వాల్వులు (ఇంధనాన్ని కట్ చేసేవి), ఫ్యూయల్ ర్యాక్ ఇరుక్కోవడం, ప్రెషర్, ట్రిప్ రీసెట్ చేయకపోవడం. ఈ ఒక్క ప్రశ్నతో సగం వెతుకులాట తగ్గుతుంది.

స్టార్టులు వరసగా పడుతున్నప్పుడు ప్రతి సిలిండర్‌కీ వెళ్లే స్టార్టింగ్ ఎయిర్ బ్రాంచ్ పైపు మీద చేత్తో తాకి చూడటం అలవాటు చేసుకోండి. ముందు అరచేతి వెనక భాగాన్ని పైపుకి దగ్గరగా పెట్టి, తర్వాత తాకండి. గోరువెచ్చగా అన్నీ ఒకేలా ఉండాలి. ఒకటి చురుక్కుమంటే ఆ సిలిండర్ స్టార్టింగ్ ఎయిర్ వాల్వ్ సరిగా కూర్చోవడం లేదు, లోపలి వేడి గ్యాసు పైపులోకి వెనక్కి వస్తోంది. అదే పైపులో కంప్రెసర్ నుంచి వచ్చిన ఆయిల్ పొర ఉంటే, మళ్లీ స్టార్ట్ ఇచ్చినప్పుడు 30 బార్ గాలి తోడై పైపే పేలిపోవచ్చు. ఫ్లేమ్ అరెస్టర్లు, బర్స్టింగ్ డిస్క్‌లు ఉన్నది అందుకే. వేడి పైపు కనిపిస్తే వెంటనే సెకండ్ సాబ్‌కి చెప్పండి, వీలైన మొదటి చోట ఆ వాల్వ్ మార్చాలి. ఎయిర్ బాటిళ్ల డ్రెయిన్ విషయంలో అంత పట్టుబట్టింది ఈ ఆయిల్ కోసమే.

టాకోమీటర్ మీద ఎర్రగా గీసిన భాగం ఉంటుంది, అది టోర్షనల్ వైబ్రేషన్ ఎక్కువయ్యే ఆర్‌పీఎం. అందులో నిలబడకూడదు, గబుక్కున దాటేయాలి. బ్రిడ్జ్ వాళ్లు సరిగ్గా అదే ఆర్‌పీఎం అడిగితే కాస్త కిందకో పైకో పెడతామని చెప్పండి, వాళ్లకీ తెలుసు.

హార్బర్ ఫుల్ నుంచి సీ స్పీడ్‌కి ఒక్కసారిగా ఎక్కించకండి. లోడ్ ప్రోగ్రాం ఆటోమేటిక్‌గా ఎక్కిస్తుంది, మా ఓడల్లో గంట నుంచి రెండు గంటలు పట్టేది. లైనర్ ఒక వేగంతో వేడెక్కుతుంది, పిస్టన్ ఇంకో వేగంతో. తొందరపెడితే ఆయిల్ ఫిల్మ్ తెగి రింగులు లైనర్‌ని గీరేస్తాయి.

వాచ్‌లో తిరిగేటప్పుడు

ఇప్పటి ఓడలు చాలావరకు రాత్రిళ్లు మనిషి లేకుండా నడుస్తాయి, అలారం వస్తేనే కిందికి పరిగెత్తడం. అయినా పొద్దున ఒకటి, సాయంత్రం పడుకునే ముందు ఒకటి, రెండు రౌండ్లు కాళ్లతో తిరిగి చూడాల్సిందే. వాసన, శబ్దం, చేతికి తగిలే వణుకు ఏ సెన్సరూ రాయదు. ఒక చిన్న నోటుబుక్ జేబులో పెట్టుకుని, ఒకే ఆర్‌పీఎం మీద, ఒకే టైమ్‌కి ఆరు సిలిండర్ల ఎగ్జాస్ట్ టెంపరేచర్, జాకెట్ అవుట్‌లెట్, పిస్టన్ కూలింగ్ ఆయిల్ అవుట్‌లెట్, ఫ్యూయల్ ఇండెక్స్ రాసుకోండి. పక్కనే సముద్రపు నీటి టెంపరేచర్, ఇంజిన్ రూమ్ టెంపరేచర్ కూడా. ఇవి రాయకపోతే మిగతా అంకెలు దేనితోనూ పోల్చలేం, సింగపూర్‌లో 31 డిగ్రీల నీళ్ల మీద తీసిన రీడింగ్‌ని జపాన్ చలికాలంలో తీసిన దానితో పోల్చి ఇంజిన్ బాగుపడిందని సంబరపడతాం. కంప్యూటర్‌లో ట్రెండ్ గ్రాఫ్ ఉంది కదా అంటే ఉంది, చూడండి. చేత్తో రాసినప్పుడు అంకె బుర్రలో ఉండిపోతుంది, నాకు అదే కావాలి.

జాకెట్ నీళ్లు 80–85 డిగ్రీల్లో, లూబ్ ఆయిల్ ఇన్‌లెట్ 40–45లో నిలకడగా ఉండాలి. జాకెట్ వాటర్ ఎక్స్‌పాన్షన్ ట్యాంక్ లెవల్ రోజూ కొద్దికొద్దిగా దిగుతోందంటే నీళ్లు ఎక్కడికో పోతున్నాయి, పోయి నింపేసి చేతులు దులుపుకోవద్దు. వారానికొకసారి నీళ్లు టెస్ట్ చేసి నైట్రైట్, పీహెచ్, క్లోరైడ్ రాయాలి. క్లోరైడ్ 50 పీపీఎం దాటిందంటే ఎక్కడో సముద్రపు నీళ్లు కలుస్తున్నాయి.

స్కావెంజ్ గాలి గురించి మన సముద్రాల్లో తిరిగేవాళ్లు తప్పక తెలుసుకోవాల్సింది ఒకటుంది. వర్షాకాలంలో బంగాళాఖాతంలో గాలి ముద్దలా ఉంటుంది. టర్బో (ఎగ్జాస్ట్‌తో తిరిగే గాలి కంప్రెసర్) ఆ గాలిని నొక్కుతుంది, కూలర్ చల్లబరుస్తుంది, అందులోని తేమంతా నీళ్లయి కారుతుంది. ఈ సైజు ఇంజిన్‌కి ఫుల్ లోడ్ మీద రోజుకి పది టన్నులు దాటినా ఆశ్చర్యం లేదు. వాటర్ మిస్ట్ క్యాచర్ డ్రెయిన్ మూసుకుపోతే ఆ నీళ్లన్నీ నేరుగా సిలిండర్లోకి వెళ్లి లైనర్ మీద ఆయిల్‌ని కడిగేస్తాయి. అందుకే డ్రెయిన్ పైపులో ప్రవాహం కనిపిస్తోందా అని ప్రతి రౌండులో చూడాలి, వానాకాలంలో పొడిగా ఉంటే అది మంచి కబురు కాదు. గాలిని మరీ చల్లగా చేయాలన్న ఉత్సాహం కూడా వద్దు.

ఒక సిలిండర్ ఎగ్జాస్ట్ వేడెక్కితే

జూనియర్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే కాబట్టి నిదానంగా చెబుతాను. మూడో నంబర్ యూనిట్ ఎగ్జాస్ట్ మొన్న 345, నిన్న 355, ఇవాళ 370. మిగతా ఐదూ 345 దగ్గరే ఉన్నాయి. అలారం ఇంకా చాలా దూరంలో ఉంది. చాలామంది వెంటనే చేసే పని ఫ్యూయల్ ర్యాక్ కొద్దిగా తగ్గించి టెంపరేచర్ సరిచేసేయడం. అలా చేయకండి, రోగాన్ని దాచిపెట్టినట్టే.

ముందుగా థర్మామీటర్ నిజం చెబుతోందా? పక్క యూనిట్ సెన్సర్‌తో మార్చి చూడండి, ఐదు నిమిషాల పని. తేడా సెన్సర్‌తో పాటు పక్కకి వెళ్లిపోతే ఇంజిన్ బాగానే ఉంది.

సెన్సర్ మంచిదే అయితే ఇండికేటర్ (సిలిండర్ లోపలి ప్రెషర్ కొలిచే పరికరం) తీసుకుని ఆరు సిలిండర్లకీ కంప్రెషన్ ప్రెషర్, మాక్సిమం ప్రెషర్ తీయండి. ఆరింటి సగటుకి ఒక్కొక్కటీ 3 బార్ అటూఇటూ లోపల ఉండాలి. ఇప్పుడు ఇలా ఆలోచించాలి. కంప్రెషన్, మాక్సిమం రెండూ పడిపోయాయా? గాలి ఎక్కడినుంచో తప్పించుకుంటోంది. ఎగ్జాస్ట్ వాల్వ్ సీటు కాలిపోయి ఉండొచ్చు, రింగులు విరిగి బ్లో బై అవుతుండొచ్చు, అంటే గ్యాసు రింగుల పక్కనుంచి కిందికి జారిపోతుండొచ్చు. బ్లో బై అయితే ఆ యూనిట్ స్కావెంజ్ బాక్స్ టెంపరేచర్ కూడా పెరుగుతుంది, స్కావెంజ్ డ్రెయిన్‌లోంచి నల్లటి వేడి గాలి వస్తుంది. ఎగ్జాస్ట్ వాల్వ్ అయితే స్కావెంజ్ మామూలుగానే ఉంటుంది. కంప్రెషన్ బాగుండి మాక్సిమం మాత్రమే తగ్గిందా? అప్పుడు ఇంధనం వైపు చూడాలి. ఫ్యూయల్ వాల్వ్ నాజిల్ రంధ్రాలు అరిగి ఇంధనం కారుతూ ఆలస్యంగా మండుతోంది, లేదా పంప్ టైమింగ్ వెనక్కి జరిగింది. ఈ ఇంజిన్‌లో సిలిండర్‌కి రెండు ఫ్యూయల్ వాల్వులు, రెండూ తీసి టెస్ట్ బెంచ్ మీద చేతి పంపుతో కొట్టి చూడాలి: తెరుచుకునే ప్రెషర్ మాన్యువల్ చెప్పినంత ఉందా, ఆగాక కొన మీద చుక్క నిలుస్తోందా? చుక్క నిలిస్తే అదే దొంగ.

ఆరు సిలిండర్లూ కలిసి వేడెక్కితే అసలు సిలిండర్ల జోలికే వెళ్లొద్దు. గాలి తగ్గుతోంది. టర్బో ఫిల్టర్ మురికిపట్టింది, ఎయిర్ కూలర్ గాలి వైపు జిడ్డుపట్టింది, టర్బైన్ నాజిల్ రింగ్ మీద మసి పేరుకుంది, లేకపోతే ఓడ అడుగున నాచు, నత్తలు పట్టి అదే ఆర్‌పీఎంకి ఇంజిన్ ఎక్కువ లాగుతోంది. కూలర్ మీద ప్రెషర్ డ్రాప్ చూస్తే సగం తెలిసిపోతుంది. టర్బైన్ వైపు గ్రిట్ వాషింగ్ లోడ్ మీద ఉండగా చేయొచ్చు, వాటర్ వాషింగ్‌కి మాత్రం లోడ్ బాగా తగ్గించి, అయ్యాక డ్రెయిన్ ఆరిపోయేదాకా ఆగి, అప్పుడే మళ్లీ లోడ్ ఎక్కించాలి.

ఇంధనం, సిలిండర్ ఆయిల్

2020 జనవరి 1 నుంచి ప్రపంచమంతా 0.50 శాతం సల్ఫర్ ఇంధనం, ఎమిషన్ కంట్రోల్ ఏరియాల్లో 2015 నుంచే 0.10 శాతం. స్క్రబ్బర్ (పొగలోని సల్ఫర్‌ని కడిగే పరికరం) ఉన్న ఓడలు పాత భారీ ఇంధనమే వాడతాయి. ఏదైనా సరే, బంకర్ చేసిన ఇంధనాన్ని ల్యాబ్ రిపోర్టు వచ్చేదాకా వాడకపోవడం ఉత్తమం, పాతదానితో కలపడం అసలే వద్దు.

లైనర్లకి పెద్ద శత్రువు క్యాట్ ఫైన్స్. రిఫైనరీ నుంచి వచ్చే గట్టి అల్యూమినియం, సిలికాన్ రేణువులు ఇవి. ఐఎస్ఓ 8217 ప్రకారం ఓడకి వచ్చే సాధారణ భారీ ఇంధనంలో 60 పీపీఎం దాకా ఉండొచ్చు, కానీ ఇంజిన్‌లోకి వెళ్లేటప్పటికి 15 దాటకూడదు. ఈ రెండు అంకెల మధ్య ఉన్నది ప్యూరిఫయర్ (ఇంధనాన్ని గిర్రున తిప్పి మురికిని వేరుచేసే యంత్రం) ఒక్కటే. భారీ ఇంధనం 98 డిగ్రీల మీద వెళ్లాలి, నాలుగైదు డిగ్రీలు తగ్గినా పని మందగిస్తుంది. ఫీడ్‌ని ఇంజిన్ వాడకానికి కాస్త పైన మాత్రమే ఉంచండి, ఎంత నెమ్మదిగా పోతే అంత బాగా శుభ్రమవుతుంది. సెటిలింగ్, సర్వీస్ ట్యాంకుల డ్రెయిన్ ప్రతి వాచ్‌లో తెరవాలి.

ఇంజిన్ దగ్గర భారీ ఇంధనం విస్కోసిటీ 10–15 సెంటిస్టోక్‌లు ఉండేలా వేడిచేయాలి. గ్యాస్ ఆయిల్‌కి మారేటప్పుడు టెంపరేచర్ నిమిషానికి 2 డిగ్రీలకి మించి మారకూడదు, లేదంటే ఫ్యూయల్ పంప్ ప్లంజర్ బ్యారెల్‌లో ఇరుక్కుపోతుంది, అదీ ఛానెల్ మధ్యలో. మారాక విస్కోసిటీ 2 సెంటిస్టోక్‌ల కిందికి దిగకుండా చిల్లర్ చూసుకోవాలి.

ఇంధనంతో పాటు సిలిండర్ ఆయిల్ కూడా మారాలి. సల్ఫర్ ఎక్కువ ఉంటే ఆమ్లాన్ని చంపడానికి బీఎన్ (బేస్ నంబర్, ఆయిల్‌కి ఆమ్లాన్ని చంపే శక్తి ఎంతో చెప్పే అంకె) 100 లాంటిది, తక్కువ ఉంటే బీఎన్ 40. తక్కువ సల్ఫర్ ఇంధనం మీద బీఎన్ 100 పోస్తూ ఉంటే మిగిలిపోయిన కాల్షియం పిస్టన్ క్రౌన్ పక్కన రాయిలా గట్టిపడి లైనర్‌ని పాలిష్ చేసేస్తుంది. ఎక్కువ పోస్తే మంచిదేగా అనే పాత సాబ్‌లు ఇంకా ఉన్నారు, వాళ్లతో వాదన పెట్టుకోకుండా స్కావెంజ్ డ్రెయిన్ ఆయిల్ శాంపిల్ రిపోర్టు ముందు పెట్టండి. ఇనుము, మిగిలిన బీఎన్ రెండూ అందులో ఉంటాయి.

పరిగెత్తాల్సిన రెండు సందర్భాలు

స్కావెంజ్ ఫైర్: ఒక యూనిట్ స్కావెంజ్ టెంపరేచర్ ఎగబాకుతుంది, దాని ఎగ్జాస్ట్ కూడా పెరుగుతుంది, టర్బో కుక్క మొరిగినట్టు సర్జ్ అవుతుంది, ఫన్నెల్‌లోంచి నల్ల పొగ, డ్రెయిన్ కాక్‌లో నిప్పురవ్వలు. బ్రిడ్జ్‌కి చెప్పి స్లో చేయండి, ఆ యూనిట్‌కి ఇంధనం ఆపండి, సిలిండర్ ఆయిల్ పెంచండి, డ్రెయిన్ మూసేయండి. చిన్నదైతే తనంతట ఆరిపోతుంది. తగ్గకపోతే బ్రిడ్జ్ ఒప్పుకున్నాక ఇంజిన్ ఆపి, బ్లోయర్లు ఆపి, ఫిక్స్‌డ్ సీఓటూ గానీ స్టీమ్ గానీ వదలాలి. జాకెట్ నీళ్లు, పిస్టన్ కూలింగ్ ఆపొద్దు. బాక్స్ తలుపు పూర్తిగా చల్లారేదాకా తెరవొద్దు, గాలి తగిలితే మళ్లీ అంటుకుంటుంది.

క్రాంక్‌కేస్ ఆయిల్ మిస్ట్ అలారం దీనికంటే భయంకరం. లోపల ఏదో బేరింగ్ వేడెక్కి ఆయిల్ ఆవిరై తెల్లటి పొగమంచులా నిండుతుంది, మళ్లీ అదే వేడి భాగం దాన్ని అంటించొచ్చు. 1947 సెప్టెంబర్‌లో బెల్‌ఫాస్ట్ దగ్గర రెయినా డెల్ పసిఫికో అనే ప్యాసింజర్ ఓడ ట్రయల్స్‌లో ఇలాగే క్రాంక్‌కేస్ పేలి 28 మంది చనిపోయారు. ఇవాళ మీ ఇంజిన్ పక్కన వరసగా కనిపించే రిలీఫ్ వాల్వులకి అంత ప్రాముఖ్యం రావడానికి ఆ ప్రమాదం పెద్ద కారణం. అలారం వస్తే డిటెక్టర్ తప్పేమోనని తలుపు దగ్గరికి వెళ్లి తాకి చూడొద్దు. రిలీఫ్ వాల్వుల వైపు నుంచి తప్పుకుని, ఇంజిన్ స్లో చేసి, బ్రిడ్జ్‌ని అడిగి ఆపండి. ఇంధనం, బ్లోయర్లు ఆపేసి, స్కైలైట్ తెరిపించి, మనుషుల్ని బయటికి పంపండి. లూబ్ ఆయిల్ పంపు మాత్రం నడవనివ్వండి, చల్లార్చేది అదే. ఆగాక కనీసం 20 నిమిషాలు క్రాంక్‌కేస్ తలుపు తెరవకూడదు. నన్నడిగితే అరగంట పైనే ఆగుతాను. బడా సాబ్ (చీఫ్ ఇంజినీర్) అరిచినా సరే.

జనరేటర్ల గురించి రెండు ముక్కలు

మెయిన్ ఇంజిన్ మీద ఉన్న శ్రద్ధలో సగం కూడా ఫోర్ స్ట్రోక్ జనరేటర్ల మీద పెట్టరు, కానీ కాలు బయటికొచ్చేది, అంటే కనెక్టింగ్ రాడ్ విరిగి ఇంజిన్ గోడ చీల్చుకుని వచ్చేది వాటిలోనే. కనెక్టింగ్ రాడ్ బోల్ట్‌లకి ఆయుష్షు ఉంటుంది, మాన్యువల్ చెప్పిన గంటలు నిండగానే చూడ్డానికి కొత్తగా ఉన్నా పారేసి కొత్తవి వేయాలి. బిగించేటప్పుడు టార్క్ అయితే టార్క్, కోణం అయితే కోణం, మాన్యువల్ ఏది చెబితే అదే. ట్యాపెట్ క్లియరెన్స్ చల్లటి ఇంజిన్ మీద, ఓవర్‌స్పీడ్ ట్రిప్ నిజంగా స్పీడ్ పెంచి టెస్ట్ చేయాలి. ఒడ్డున ఉండే పవర్ ప్లాంట్ ఇంజిన్లకీ ఇదే వర్తిస్తుంది, తేడా అల్లా వాళ్ల ఇంజిన్ ఆగితే ఓడ రాళ్ల మీదికి కొట్టుకుపోదు.

పోర్టుల్లోంచి చూడటం, తర్వాత పిస్టన్ లాగడం

పిస్టన్ తీయాలా వద్దా అన్నది గంటలు చూసి కాదు, పోర్టులు చూసి తేల్చాలి. రేవులో ఇంజిన్ ఆపాక, స్టార్టింగ్ ఎయిర్ మూసి, టర్నింగ్ గేర్ ఎంగేజ్ చేసి, కంట్రోల్ దగ్గర బోర్డు పెట్టి, స్కావెంజ్ స్పేస్‌లో గాలి టెస్ట్ చేసి లోపలికి దిగండి. పిస్టన్ కూలింగ్ ఆయిల్, కూలింగ్ నీళ్లు నడుస్తూ ఉండాలి, ఏదైనా కారుతుంటే కనిపించడానికే. టర్నింగ్ గేర్ తిప్పేవాడు మీ మాట వినిపించేంత దూరంలో ఉండాలి, మీరు చెయ్యి తీశాక చెబితేనే తిప్పాలి.

లోపల టార్చి వెలుగులో పిస్టన్ నెమ్మదిగా కిందికి దిగుతుంది, పోర్ట్ కిటికీలో ఒక్కొక్క రింగే ఎదురొస్తుంది. చెక్క పుల్లతో ఒక్కో రింగునీ నొక్కండి. స్ప్రింగులా లోపలికి వెళ్లి తిరిగొస్తే బతికి ఉంది. కదలకపోతే కార్బన్‌తో గాడిలో అతుక్కుపోయింది. నొక్కితే లొటలొటలాడుతూ ఆగిపోతే విరిగింది. రింగు ముఖం మీద నిలువు గీతలుంటే స్కఫింగ్ (రింగూ లైనరూ గీరుకోవడం) మొదలైంది. లైనర్ మీద ఆయిల్ తడి మెరుస్తూ కనబడాలి. పొడిగా, నల్లగా మచ్చలుంటే బ్లో బై. తుప్పు రంగు మచ్చలుంటే ఆమ్లం తినేస్తోంది. ప్రతి యూనిట్‌కీ ఫోటోలు తీసి తేదీ, గంటలు రాసి పెట్టండి, వచ్చేసారి వాటితోనే పోల్చాలి.

తీయాల్సి వస్తే ముందు పోర్ట్ అధికారుల నుంచి ఇంజిన్ ఇమ్మొబిలైజ్ చేయడానికి (నడవకుండా విప్పి ఉంచడానికి) పర్మిషన్ ఉండాలి. ఇంజిన్ చల్లారాక ఆ యూనిట్ జాకెట్ నీళ్లు డ్రెయిన్ చేసి, ఫ్యూయల్ పైపులు, ఎగ్జాస్ట్ వాల్వ్ హైడ్రాలిక్ పైపు, స్టార్టింగ్ ఎయిర్ పైపు విప్పి, తెరిచిన ప్రతి నోటికీ మూత బిగించండి. హైడ్రాలిక్ జాక్‌లతో కవర్ నట్లు వదులు చేసేటప్పుడు గేజ్ సరైనదేనా చూసుకోండి, జాక్‌కి ఎదురుగా ఎవరూ నిలబడకూడదు. కవర్ లేచాక పిస్టన్‌ని కిందికి దింపి లైనర్ పై అంచున పేరుకున్న కార్బన్, అరుగుదల మెట్టు శుభ్రం చేయాలి, లేదంటే పైకి లాగేటప్పుడు రింగులు అక్కడ పట్టేసుకుంటాయి. కింద క్రాంక్‌కేస్‌లో పిస్టన్ రాడ్ నట్లు, స్టఫింగ్ బాక్స్ బోల్ట్‌లు విప్పి, లిఫ్టింగ్ టూల్ బిగించి, క్రేన్‌తో అంగుళం అంగుళంగా లేపండి. క్రేన్ దగ్గర ఒక్కడే ఆర్డర్ ఇవ్వాలి.

బయటికొచ్చాక కొలతలు. లైనర్‌ని మేకర్ ఇచ్చిన కొలబద్ద చూపించే ఎత్తుల్లో ముందు-వెనక, పోర్ట్-స్టార్‌బోర్డ్ రెండు దిశల్లో కొలవాలి, మైక్రోమీటర్ కాసేపు లైనర్ దగ్గరే పెట్టి ఒకే టెంపరేచర్‌కి వచ్చాక. వెయ్యి గంటలకి 0.1 మిల్లీమీటర్ దాటి అరుగుతుంటే ఇంధనమో ఆయిలో ఎక్కడో తప్పుంది, లైనర్ మార్చినంత మాత్రాన ఆ తప్పు పోదు. క్రౌన్ మీద టెంప్లేట్ పెట్టి కాలిన లోతు, గాడుల్లో రింగ్ క్లియరెన్స్, కొత్త రింగులని లైనర్లో పెట్టి బట్ గ్యాప్ (రింగు రెండు కొనల మధ్య ఖాళీ) చూడండి. పైవైపు గుర్తు ఉన్న రింగుని తిరగేసి వేసినవాళ్లున్నారు, నవ్వకండి. లైనర్ చుట్టూ సిలిండర్ ఆయిల్ క్విల్‌లని (ఆయిల్‌ని లైనర్లోకి పంపే నాజిళ్లని) చేత్తో పంప్ చేసి ప్రతి రంధ్రంలోంచీ ఆయిల్ వస్తోందని కళ్లతో చూడాలి. పిస్టన్‌ని ప్రెషర్ టెస్ట్ చేసి, అప్పుడే లోపలికి దింపండి.

క్రాంక్‌షాఫ్ట్ డిఫ్లెక్షన్ (షాఫ్ట్ ఎంత వంగుతోందన్న కొలత) కూడా వీలున్నప్పుడు తీసుకోండి. డయల్ గేజ్‌తో ఐదు పొజిషన్లలో, ఓడ డ్రాఫ్ట్, ఇంజిన్ టెంపరేచర్ పక్కన రాసి, సీ ట్రయల్ నాటి రికార్డుతో పోల్చాలి. ఖాళీ ఓడలో తీసిన అంకెని నిండు ఓడలో తీసిన దానితో పోల్చి లాభం లేదు.

అన్నీ బిగించాక నీళ్లు ఎక్కించి లీకులు చూసి, ఆయిల్ పంప్ నడిపి, టర్నింగ్ గేర్‌తో తిప్పి, బ్లో త్రూ చేసి స్లోలో నడపండి. 15 నుంచి 30 నిమిషాల తర్వాత ఆపి, కాసేపు ఆగి, క్రాంక్‌కేస్ తలుపు తీసి విప్పి బిగించిన ప్రతి భాగాన్నీ, క్రాస్‌హెడ్, గైడ్ షూలు, క్రాంక్‌పిన్, చేత్తో తాకి పక్క యూనిట్ల వేడితో పోల్చాలి. గంట నడిచాక మళ్లీ ఒకసారి, ఫుల్ లోడ్ చేరిన కాసేపటికి ఇంకోసారి. కొత్త రింగులకి మాన్యువల్‌లో బ్రేకింగ్-ఇన్ పట్టిక ఉంటుంది, ఆ యూనిట్‌కి సిలిండర్ ఆయిల్ పెంచి, లోడ్ మెట్లు మెట్లుగా ఎక్కిస్తూ, ప్రతి మెట్టు దగ్గరా ఆ యూనిట్ ఎగ్జాస్ట్, స్కావెంజ్, జాకెట్ అంకెలు రాసుకోండి, ఎందుకంటే ఇకమీదట ఈ సిలిండర్‌కి పోలిక ఆ అంకెలతోనే.